గుమ్మం దాటని దుర్భిణి

మా ఆఫీసు పూర్తి పేరు ఉప్పరేవు తంపర జలపక్షుల సంరక్షణ ఉపకార్యాలయం. ఆ పేరు పట్టడానికి రెండు బోర్డులు కావలసి వచ్చాయి. తంపర అంటే మా సముద్రం వైపు వానాకాలంలో నీళ్ళు నిలిచి, ఎండలు ముదిరేదాకా ఇంకని పల్లపు నేల. నాచు, తుంగ, నత్తలు, చేపపిల్లలు, మధ్యలో తుమ్మచెట్లు. ఏటా చలికాలానికి గొంతు కింద తోలుసంచీ ఉండే గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ ఎక్కణ్ణుంచో వచ్చి ఆ తుమ్మల మీద గూళ్ళు కట్టుకుని, పిల్లల్ని చేసి, మార్చి దాటాక వెళ్ళిపోతాయి. వాటిని సంరక్షించడానికి మేమున్నాం. అవి మాత్రం మేము లేని కాలం నుంచీ వస్తున్నాయి.

ఆఫీసు భవనం దొరల నాటి ఉప్పు కొఠారు. రైలు పెట్టెల్లాగా గది వెనక గది, ఆరు గదులు. రోడ్డు వైపు ఒకటే గుమ్మం. ఉప్పు గాలి సూటిగా పోకూడదని గదుల మధ్య తలుపులు ఒకటి ఈ మూలా, ఒకటి ఆ మూలా పెట్టారు. మొదటి గది స్టోరు, రెండోది అకౌంట్సు, మూడోదాంట్లో నేను, నాలుగోది రికార్డు గది, ఐదోది మీటింగులకు, ఆఖరిది మా ఉపసంచాలకులు పాత్రో గారిది. ఆయన కుర్చీ వెనక గోడ, ఆ గోడ అవతల యాభై గజాల్లో తంపర. అంటే పాత్రో గారు ఆరేళ్ళుగా పక్షులకు వీపు పెట్టి పక్షుల్ని సంరక్షిస్తున్నారన్నమాట. నేనూ ఏం తక్కువ తినలేదు. సీనియర్ అసిస్టెంటు బెహరాగా పంతొమ్మిదేళ్ళలో గూడబాతు మీద నేను రాసిన కాగితాలు దొంతర పెడితే గూడబాతు కంటే ఎత్తొస్తాయి. గూడబాతును తీరిగ్గా నిలబడి చూసింది మాత్రం రెండుసార్లు.

ఆఫీసు మొత్తానికి పక్షుల్ని నిజంగా చూసే మనిషి ఒక్కర్తే. అప్పాయమ్మ. బెస్తవాడ మనిషి, యాభై దాటి ఉంటాయి, రోజుకూలీ కాపలాదారు. జనవరి నెలలో తెల్లారకుండానే గట్టు మీద కూర్చుని పక్షుల్ని లెక్కపెడుతుంది. పది పక్షులకు ఒక చింతపిక్క ఒడిలో వేసుకుంటుంది. ఆఖర్న పిక్కలు తెచ్చి నా బల్ల మీద పోస్తుంది, నేను వాటిని పదితో హెచ్చవేసి పై ఆఫీసుకు పంపుతాను. నేను రాకముందు నుంచీ, ఇరవై రెండేళ్ళుగా ఇదే పద్ధతి. పక్షులూ అభ్యంతరం చెప్పలేదు, పై ఆఫీసూ చెప్పలేదు.

ఈ జనవరి రెండో తారీఖున పై ఆఫీసు చెప్పింది.

వచ్చిన ఉత్తరంలో మూడు సంగతులున్నాయి. మొదటిది: ‘మానవ నేత్రము ప్రభుత్వముచే ప్రమాణీకరింపబడిన పరికరము కానందున, ఉత్తి కంటితో జరుపబడు పక్షిగణన ఇకపై చెల్లనేరదు.’ రెండోది: అందుకని ప్రతి ఉపకార్యాలయమూ ‘ఆరుబయట వీక్షణకు అనువైనదియు, ధరకు తగిన విలువ గలదియు’ అయిన దుర్భిణి ఒకటి కొని, దాంతో లెక్కపెట్టాలి. మూడోది: వెయ్యికి తక్కువ కాకుండా పక్షులున్నట్టు లెక్క జనవరి ముప్పైయొకటి సాయంత్రం ఐదు లోపల అందకపోతే, ఆ తంపరను ‘పక్షిరహిత పల్లపు భూమి’గా ప్రకటించి రొయ్యల చెరువులకు కౌలుకిస్తారు.

నెలాఖరుకు ఇంకా ఇరవై తొమ్మిది రోజులున్నాయి. దుర్భిణి కొనడానికి అరపూట చాలు. నేను ధైర్యంగానే ఉన్నాను.

ఆరో తారీఖున విశాఖపట్నం నుంచి ఒక షాపు ఆయన మూడు నమూనాలు తెచ్చి, రసీదు తీసుకుని, భోజనం కూడా చేయకుండా వెళ్ళిపోయాడు. ఒకటో నెంబరు నల్లగా, నిరాడంబరంగా, రెండు చేతుల్లో ఇమిడేంత ఉంది. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందట. రెండోది ఇరవై రెట్లది, రుబ్బురోలు పొత్రమంత బరువు. మూడోది ఎర్ర ప్లాస్టిక్కుది, బీచి దగ్గర బుడగలతోపాటు అమ్ముతారే, ఆ రకం. దాని నెత్తిన ఒక దిక్సూచి, పక్కన బంగారు రంగు అక్షరాలతో ‘వంద రెట్లు’ అని రాసి ఉంది.

అక్కడ మా అకౌంట్సు సూపరింటెండెంటు సన్యాసిరావు గారు స్టోర్సు నిబంధనల పుస్తకం తెరిచారు. ఆయన మంచివారే. ఆ పుస్తకం మూసి ఉన్నప్పుడు.

"నిబంధన పదిహేడు," అన్నారు. "పరీక్షించని వస్తువు స్టాకు రిజిస్టర్లోకి ఎక్కరాదు. స్టాకు రిజిస్టర్లోకి ఎక్కని వస్తువు కార్యాలయం గుమ్మం దాటరాదు. ఇదండీ రూలు పొజిషను."

"అనగా," అన్నారు పాత్రో గారు కళ్ళజోడు సవరించుకుంటూ, "ఆరుబయట వీక్షణకు ఉద్దేశింపబడిన పరికరము లోపలనే పరీక్షింపబడవలసి యున్నది."

పాత్రో గారు మామూలుగా మాట్లాడినా నోట్ ఫైలు చదివినట్టే ఉంటుంది. ఇంట్లో కాఫీ కూడా ‘ఈయబడవచ్చును’ అని అడుగుతారని వాళ్ళావిడ ఒకసారి మా ఆవిడతో అన్నారట.

"అంతేనండి," అన్నారు సన్యాసిరావు గారు.

పాత్రో గారు అధ్యక్షులుగా, సన్యాసిరావు గారు సభ్యులుగా, నేను కన్వీనరుగా దుర్భిణి పరీక్షా సంఘం ఏర్పడింది. మొదటి పరీక్ష స్టోరు గదిలో జరిగింది. బీరువాలు పోగా ఆ గదిలో మిగిలింది పదడుగులు. ఎదుటి గోడకు క్యాలెండరు ఉంది. ఒకటో నెంబరు పెట్టి చూస్తే క్యాలెండరు పొగమంచుతో అలికేసినట్టుంది; అది దూరం చూడ్డానికి చేసిన వస్తువు, పదడుగులు దానికి ముక్కు కింద లెక్క. రెండోదాంట్లో అసలు గోడే కనపడలేదు. మూడోదాంట్లో తేదీ, తిథి, వర్జ్యం, కింద ప్రింటింగు ప్రెస్సు చిరునామాతో సహా కనిపించాయి. కారణం ఏమిటంటే, దాంట్లో ఉన్నది ఉత్తి కిటికీ గాజు.

నేను వరసగా నోటు రాశాను. ‘ఒకటి: గోడ అస్పష్టము. రెండు: గోడ ఉన్నదని నిర్ధారింపజాలము. మూడు: గోడ ఉన్నది ఉన్నట్లు కన్పట్టినది.’

సన్యాసిరావు గారు మూడోదాని ధర చూసి, దాని మీది వంద చూసి, కాగితం మీద ఒకదాన్ని ఇంకోదానితో భాగించి ఆనందంగా తలెత్తారు. "ధరకు తగిన విలువ కాదండీ, ధరకు మించిన విలువ!"

అప్పాయమ్మ అంతసేపూ గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. లోపలికొచ్చి ఎర్రదాన్ని కళ్ళకు పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది.

"బాబూ, ఇది ఎట్టుకుంటే ఎంత అవుపడతందో, తీసేత్తే అంతే అవుపడతంది."

"అనగా పరికరము వాస్తవమును వక్రీకరించుట లేదు," అన్నారు పాత్రో గారు. ‘వ్రాసికొనుడు’ అన్నట్టు నా వైపు చూశారు. నేను రాసుకున్నాను.

అప్పాయమ్మ ఒకటో నెంబరు చేతిలోకి తీసుకుంది. బరువు చూసింది, పట్టుకుని చూసింది, అద్దాలు వెలుతురుకు పెట్టి చూసింది. చీర కొనేటప్పుడు ఆడవాళ్ళు అంచు తిప్పి చూస్తారే, ఆ చూపు.

"దీన్నోపాలి గట్టు మీదకి ఒట్టుకెల్లి సూసొత్తానండి. పది నిమిసాలు."

"పదిహేడు," అన్నారు సన్యాసిరావు గారు. నిమిషాలు కాదు, నిబంధన.

"బాబూ, ముప్పైయొకటికి నెక్క ఎల్లకపోతే తంపర రొయ్యలోల్లకి పోద్దంట కదేటి. నిన్ననే టేపులట్టుకొచ్చి గట్టు కొలిసీసినారు. గూళ్ళల్లో పిల్లలున్నాయి. ఇంకా ఎగరనేవు. నీళ్ళు తోడీసి, సెట్లు కొట్టీసి, మందులు కలిపీత్తే అవెక్కడికి పోతాయి?"

నాకు సిగ్గేసింది. ఆ నల్లదాన్ని ఆవిడ చీరచెంగు కింద పెట్టి పంపిస్తే అరగంటలో పని అయిపోతుందని నాకు తెలుసు. కానీ నేను పంతొమ్మిదేళ్ళుగా గుండుసూదికి కూడా ఇండెంటు పెట్టిన మనిషిని. చెయ్యి లేవలేదు. దాని బదులు, ‘పరీక్షా దూరము చాలలేదని భావింపబడుచున్నది’ అని నోటు పెట్టాను. నా చేతనైన తిరుగుబాటు అది.

పాత్రో గారు దాన్ని అంగీకరించారు. పోనీ ఆయన గదిలో తంపర వైపు ఒక చిన్న కిటికీ ఉంది కదా, అందులోంచి చూడొచ్చు కదా అన్నాను. సన్యాసిరావు గారు ఒక రోజంతా ఆలోచించి మర్నాడు సమాధానం చెప్పారు.

"వస్తువు లోపలే ఉంటుందండీ, కాదనను. కానీ దాని ఉపయోగం కిటికీలోంచి బయటికి పోతుంది. స్టాకులో లేని వస్తువు ఉపయోగాన్ని బయటికి పోనిస్తే రేపు ఆడిట్ వాళ్ళు ఊరుకుంటారా?"

పాత్రో గారు ముగ్ధులయ్యారు. "చూపు కూడ గుమ్మము దాటరాదు. సూక్ష్మమైన విషయము." కిటికీకి సీలు వేశారు.

ఇక మిగిలిన దారి లోపలి దూరం పెంచడం. స్టోరుకీ అకౌంట్సుకీ మధ్య గోడ తీసేస్తే ముప్పై అడుగులు వస్తుంది. గోడ కూల్చడానికి పై వాళ్ళ అనుమతి కావాలేమోనని పుస్తకాలు తిరగేశాం. అక్కర్లేదు. ‘చిల్లర మరమ్మతులు’ కింద గోడ కూల్చడం ఉపసంచాలకుల అధికారంలోనే ఉంది. దుర్భిణిని గుమ్మం దాటించడం లేదు. పదకొండో తారీఖున తాపీమేస్త్రి వచ్చి సాయంత్రానికల్లా గోడ దించేశాడు.

ముప్పై అడుగుల దగ్గర ఒకటో నెంబరులో క్యాలెండరు చక్కగా కనిపించింది. అప్పాయమ్మ మొహం వెలిగింది. అప్పుడు సన్యాసిరావు గారికి ఇంకో ధర్మసందేహం.

"మనం కొనేది పక్షుల్ని చూడ్డానికండీ. క్యాలెండరు పక్షి కాదు."

అదీ న్యాయమే. బెస్తవాడ నుంచి ఒక నాటుకోడిని తెప్పించాం. కోడి బీరువా మీద నిలబడి మెడ అటూ ఇటూ తిప్పుతూ బాగానే సహకరించింది. కానీ మాది జలపక్షుల కార్యాలయం. కోడి జలపక్షి కాదని ఈసారి పాత్రో గారికే స్ఫురించింది. కాబట్టి బేసిను నిండా నీళ్ళు పోసి కోడిని అందులో నిలబెట్టాం. అది ఒక్క గెంతులో అకౌంట్సు బల్ల మీదికి ఎగిరి, రెక్కలు విదిలించి, ఆ నెల జీతాల బిల్లును తడిపేసింది. మూడోసారికి నీళ్ళు చీలమండ దాకా ఉంటే చాలని ఇద్దరికీ రాజీ కుదిరింది. అంటే కోడికీ సంఘానికీ.

పరీక్ష పూర్తికాలేదు గనక కోడిని కూడా గుమ్మం దాటనివ్వలేదు. అది గదులన్నీ తిరిగి, పద్నాలుగో తారీఖున సన్యాసిరావు గారి ఇన్‌వర్డ్ ట్రేలో గుడ్డు పెట్టింది. ఆ గుడ్డు ఏ పద్దు కిందికి వస్తుందో తేల్చడానికి రెండు రోజులు పట్టింది. తేలేలోపల అది ప్యూను కాలి కింద పడి సమస్య తీరింది.

ఇంతలో విశాఖపట్నం షాపాయన ఫోను చేసి, తన రెండో నెంబరు, అదే ఇరవై రెట్లదానికి ముప్పై అడుగులు అన్యాయమనీ, నూరడుగులైనా ఉండాలనీ మొరపెట్టుకున్నాడు. పోటీలో మూడింటికీ సమాన అవకాశం ఉండాలి కదా. మిగతా నాలుగు గోడలూ కూడా దించడానికి ఉత్తర్వు వేశాం. రోజుకో గది కలుస్తూ పోయింది. పాత్రో గారు కూచున్న చోట కూచునే మాతో కలిసిపోయారు. ఇరవై నాలుగో తారీఖుకి ఆఫీసు మొత్తం నూట ఇరవై అడుగుల ఒకే వసారా అయింది. సున్నం, ఇటుక పొడి, దగ్గు, వాటి మధ్య కోడి.

పక్షుల్ని సంరక్షించాల్సిన నెలంతా ఇలా గడుస్తుంటే అప్పాయమ్మ రోజూ పొద్దున్నే గట్టు మీదికి వెళ్ళి, పదకొండింటికి ఆఫీసుకొచ్చి, మేస్త్రికి నీళ్ళందించి, ‘ఇంకెన్ని రోజులు బాబూ?’ అని నన్నడిగేది. నేను వేళ్ళు లెక్కపెట్టి చెప్పేవాణ్ణి. వేళ్ళు తగ్గిపోతూ వచ్చాయి.

ఇరవై నాలుగు మధ్యాహ్నం తుది పరీక్ష. కోడిని స్టోరు చివర బేసినులో నిలబెట్టి, పాత్రో గారూ నేనూ ఈ చివర ఆయన బల్ల దగ్గర నిలబడ్డాం. ఎర్రదాంట్లో కోడి ఉత్తి కంటికి ఎంతో అంతే కనిపించింది. రెండోదాన్ని పాత్రో గారు రెండు చేతులా ఎత్తారు. ఆ బరువుకి ఆయన చేతులు వణికాయి, ఆ వణుకు కూడా ఇరవై రెట్లయి, బుద్ధిగా నిలబడ్డ కోడి ఆయనకు తప్పెటగుళ్ళు ఆడుతున్నట్టు కనిపించింది. ఆయన ఒకసారి కళ్ళు తుడుచుకుని ఒకటో నెంబరు పెట్టుకున్నారు. చాలాసేపు కదల్లేదు.

"కోడి కంటి చుట్టునుగల ఎఱ్ఱని వలయము కూడ కన్పట్టుచున్నది," అన్నారు మెల్లగా. తరవాత దుర్భిణి కొంచెం పక్కకు తిప్పారు. "సన్యాసిరావు గారూ, మీది వృశ్చిక రాశియా?"

అకౌంట్సు బల్ల చాటున వారపత్రిక తెరుచుకుని కూచున్న సన్యాసిరావు గారు ఉలిక్కిపడి దాన్ని లెడ్జరు కింద దూర్చేశారు. తొంభై అడుగుల దూరం నుంచి ఆయన వారఫలాలు చదవగలిగిన దుర్భిణి మంచిదేనని ఆయనే మొదట ఒప్పుకున్నారు.

"నాను మొదటి రోజే అనుకున్నాను," అంది అప్పాయమ్మ. "ఎనిమిదుంటే సాలు బాబూ. సెయ్యి వొణక్కుండా ఉండాల, ఎలుతురు బాగా రావాల, మెళ్ళో ఏసుకుంటే పొద్దోయేదాకా బరువెయ్యకూడదు. అంతకన్నా ఏటి కావాల?"

ఇరవై రోజులు, ఐదు గోడలు, ఒక గుడ్డు ఖర్చు చేసి మేం తేల్చింది సరిగ్గా అదే. నేను పరీక్షా ధ్రువపత్రం నింపడం మొదలుపెట్టాను. ఎనిమిది గళ్ళు నిండాయి. తొమ్మిదో గడి దగ్గర కలం ఆగింది. ‘ఆరుబయట వీక్షణకు అనువుగా నున్నదా? ఆరుబయట పరీక్షించి వ్రాయవలెను.’

ఆరుబయట పరీక్షించాలంటే గుమ్మం దాటాలి. గుమ్మం దాటాలంటే స్టాకులోకి ఎక్కాలి. స్టాకులోకి ఎక్కాలంటే ఈ గడి నింపాలి. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ముగ్గురం ఆ గడి వంక చూస్తూ కూచున్నాం. సన్యాసిరావు గారు మొదటిసారి పుస్తకం మూసేసి, పక్కన పెట్టి, తల పట్టుకున్నారు. "ఈ పదిహేడో నిబంధన రాసినవాడెవడో గానీ..." అని ఆగిపోయి, చుట్టూ చూసి, మళ్ళీ పుస్తకం తెరిచారు.

పై ఆఫీసుకు రాశాం: ‘ఆరుబయట అనగానేమి?’

ఇరవై తొమ్మిదిన జవాబు వచ్చింది. ‘ఆరుబయట అనగా పైకప్పు లేనట్టియు, వీక్షకునికిని వీక్షింపబడు దానికిని నడుమ గోడ లేనట్టియు ప్రదేశము.’

పాత్రో గారు దాన్ని మూడుసార్లు చదివారు. లేచి నిలబడ్డారు. ఆయన మొహంలో అంతటి వెలుగు నేను ప్రమోషన్ నాడు కూడా చూడలేదు.

"సదరు ప్రదేశము కార్యాలయమునకు లోపల నుండరాదని ఎచ్చటను చెప్పబడలేదు!"

ముప్పైన పెంకులు దించారు. వాసాలు దించారు. ఫైళ్ళ మీద పరదాలు కప్పాం. దూలాలతో పాటు కరెంటు తీగలూ ఊడిపోయాయి. తంపరకు అడ్డుగా మిగిలింది పాత్రో గారి వీపు వెనక గోడ ఒక్కటే. అది ఉప్పు కొఠారు పక్కా గోడ, రెండు మూరల మందం. మేస్త్రి గునపంతో నాలుగు పోట్లు పొడిచి, చెమట తుడుచుకుని, రెండు రోజుల పని అన్నాడు. అప్పటికి ముప్పైయొకటి పొద్దున పది గంటలు.

అప్పాయమ్మ చెంగు నడుముకు బిగించుకుని బయటికి వెళ్ళింది. అరగంటలో బెస్తవాడంతా ఆవిడ వెనక వచ్చింది. గునపాలు, సుత్తులు, పడవ గెడలు, ఏది దొరికితే అది. "తొయ్యండ్రా!" అంటే తోశారు. పడవను అలల్లోకి దించేటప్పుడు పాడే పాటే గోడకీ పాడారు. సన్యాసిరావు గారు కాసేపు వాళ్ళ పేర్లు మస్టరు రోలులో ఎక్కించబోయి, తరవాత మస్టరు పక్కన పడేసి తనూ ఒక గెడ పట్టుకున్నారు. నేనూ పట్టుకున్నాను. నా అరచేతులు పొక్కిపోయాయి, ఇంత సుఖంగా ఎప్పుడూ నొప్పి పుట్టలేదు.

మూడున్నరకు గోడ మొత్తం ఒక్కసారి బయటికి పడింది.

ఆ చప్పుడుకి తంపర మీది పక్షులన్నీ లేచిపోయాయి. అన్నీ. తుమ్మలు నల్లగా మిగిలాయి, ఆకాశం తెల్లగా అయిపోయింది. గంటన్నరలో లెక్క పంపాలి, లెక్కపెట్టడానికి పక్షి లేదు. నెల రోజుల మా తెలివితేటలకు ఇదే ఫలితం, మా చేతులతో మేమే తంపరను ఖాళీ చేశాం అనుకున్నాను. పాత్రో గారు కుర్చీలో కూలబడ్డారు.

"కంగారడకండి బాబూ," అంది అప్పాయమ్మ, కళ్ళు ఆకాశం మీంచి తిప్పకుండానే. "పిల్లలున్నాయి కదేటి. ఎక్కడికీ పోవు."

ధూళి అణిగింది. పక్షులు ఒక చుట్టు తిరిగాయి, రెండు చుట్లు తిరిగాయి, తరవాత ఒక్కొక్కటే రెక్కలు ముడుచుకుని ఏ గూటిది ఆ గూటి మీద దిగింది.

నేను తొమ్మిదో గడి నింపాను. పాత్రో గారు సంతకం చేశారు. సన్యాసిరావు గారు సున్నం అంటిన చేతులతో స్టాకు రిజిస్టర్లో ఎక్కించారు. నాలుగు గంటల అయిదు నిమిషాలకు మా దుర్భిణి ప్రభుత్వ ఆస్తి అయింది. ఇక అప్పాయమ్మకు ఇవ్వడమే తరువాయి.

ఇచ్చే ముందు లాంఛనంగా ఒకసారి చూద్దామని పాత్రో గారు కుర్చీని తంపర వైపు తిప్పుకున్నారు. ఆరేళ్ళలో అదే మొదటిసారి. దుర్భిణి కళ్ళకు పెట్టుకున్నారు.

"ఓరి నాయనో," అన్నారు.

నాకు తెలిసి నోట్ ఫైలు భాష లేకుండా ఆయన అన్న మొదటి మాట అది. "ఆ పిల్ల తల్లి గొంతులోకి తల దూర్చేసిందయ్యా! మొత్తం తల! లోపల చేప వెతుక్కుంటోంది! బెహరా, చూడవయ్యా, కాదు, ఆగు, నేనింకా చూళ్ళేదు..."

ఆయన లేచారు. దుర్భిణి కళ్ళకు అలాగే ఉంది. ఇటుకల మీంచి దాటుకుంటూ, బురదలోకి దిగి, గట్టు వైపు నడిచిపోయారు. వెనకాల సన్యాసిరావు గారు, "సార్, సార్, నాకొకసారి సార్!" అంటూ చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తారు. పావుగంట గడిచింది. ఇరవై నిమిషాలు గడిచాయి. ఇద్దరూ చంటిపిల్లల్లా ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటున్నారు. నేను పిలిచిన పిలుపు ఒక్కటీ వాళ్ళకు వినపడలేదు.

వెనక్కి తిరిగి చూస్తే అప్పాయమ్మ కూలిన గోడ రాళ్ళ మీద కూచుని ఉంది. పెదాలు కదులుతున్నాయి. సంచీలోంచి చింతపిక్కలు తీసి ఒడిలో వేస్తోంది.

నాలుగూ యాభైకి పిక్కలు నా ముందు పోసింది. నూట ముప్పై నాలుగు. పదమూడు వందల నలభై పక్షులు. నేను నివేదికలో ‘ప్రమాణీకృత దుర్భిణి సమక్షమున గణింపబడినవి’ అని రాసి, బురదలోకి దిగి పాత్రో గారి చేత సంతకం పెట్టించాను. ఆయన దుర్భిణి దించకుండానే పెట్టారు. కరెంటు లేదు గనక కాగితాన్ని నా ఫోనుతో ఫోటో తీసి నాలుగూ యాభై ఏడుకి పంపాను. అందినట్టు జవాబు రాగానే అప్పాయమ్మకు చూపించాను. ఆవిడకి చదువు రాదు. నా మొహం చూసి అర్థం చేసుకుంది. చెంగుతో కళ్ళు ఒత్తుకుని, "కోడిని ఇంక ఒదిలీండి బాబూ, పాపం," అంది.

తంపరకు పదేళ్ళ దాకా ఢోకా లేదని ఫిబ్రవరిలో ఉత్తర్వు వచ్చింది. మార్చిలో ఇంకో ఉత్తరం వచ్చింది: మీ కార్యాలయానికి పైకప్పు లేదని తెలియవచ్చినది, సంజాయిషీ ఇవ్వవలెను. ఇచ్చాం. ఏప్రిల్లో కప్పుకి అంచనా పంపాం. మే నెలలో అంచనా మీద సందేహాలు వచ్చాయి. జూన్‌లో కప్పుకు మంజూరూ వానలూ ఒకే వారంలో వచ్చాయి, కానీ వాటికంటే ముందు రికార్డు గది ఇనప అరల మీదికి నత్తగుల్ల కొంగలు ఇరవై జంటలు వచ్చాయి. గాలి, వెలుతురు, పిల్లులకు అందని ఎత్తు, పరుచుకోవడానికి మెత్తని కాగితం, అల్లుకోవడానికి ఫైలు తాళ్ళు. ఇంతకన్నా ధరకు తగిన చోటు వాటికి ఎక్కడ దొరుకుతుంది? మా శాఖ నిబంధన ప్రకారం గుడ్లున్న గూటికి ఆరడుగుల లోపల ఏ వస్తువునూ కదపకూడదు. సన్యాసిరావు గారు పుస్తకం తెరిచి చూపించారు. ఈసారి ఆయనతో ఎవరూ వాదించలేదు.

ఇప్పుడు మేమంతా పాత్రో గారి చివర పరదా కింద కూచుని పనిచేస్తున్నాం. ఎవరైనా వచ్చి, "నా ఫైలు ఎన్నాళ్ళనించో కదలడం లేదేమండీ?" అని కేకలేస్తే నేను కంగారు పడను. నల్ల దుర్భిణి వాళ్ళ చేతికిచ్చి, మూడో అర చూడమంటాను. చూస్తారు. కోపం తగ్గించుకుని, గొంతు కూడా తగ్గించి, "ఎన్ని గుడ్లండీ?" అని అడుగుతారు. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో ఫైలు కదలకపోవడానికి అసలు కారణం జనానికి చూపించగలగడం నాకిదే మొదలు.